ఆయిల్ గీత ఎప్పుడు నిజం చెబుతుంది?

(కడపలో బైకు నడిపేవాళ్ల కోసం పెట్టిన సభలో, ఐటీఐలో మోటార్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు చేసిన ప్రసంగం ఇది. ఆయన మాట్లాడిన తీరులోనే రాశాం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే పాలు పోసి వచ్చినవాళ్లున్నారు, డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. ఆడబిడ్డలు కూడా స్కూటర్లేసుకుని వచ్చినారు, చాలా సంతోషం.

నేను ఈరోజు ఒక్క పని గురించే మాట్లాడతా. బండి ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో చూడటం. ఆయిల్ చూడనోళ్ల ఇంజన్లు పోతాయి, అది అందరికీ తెలిసిందే. కానీ చూసినోళ్ల ఇంజన్లు కూడా పోతున్నాయి. మూత తీస్తారు, దానికుండే కొలత కడ్డీ, అదే డిప్‌స్టిక్, చూస్తారు, గీతల మధ్యనే ఉందంటారు. ఆ ఇంజన్ విప్పితే వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయి ఉంటుంది. లేదంటే ఆయిల్ జాస్తి పోసేసి ఉంటారు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపలంతా ఆయిలే. శ్రద్ధ లేనోడి బండి పాడైతే సరే అనుకోవచ్చు. శ్రద్ధగా చూసుకునే మనిషి బండి పాడైతే మాత్రం నాకు చాలా బాధ. వాళ్ల కోసమే ఈ మాటలన్నీ.

ముందు ఎంత ఆయిల్ గురించి మాట్లాడుతున్నామో చూడండి. హీరో స్ప్లెండర్ తీసుకుంటే, మన ఊళ్లలో ఎక్కువ తిరిగేది అదే కదా, దానికి షాపులో ఇచ్చే ఆయిల్ డబ్బా 900 మి.లీ. ఒక లీటరు కూడా కాదు. కారులో మూడు నాలుగు లీటర్లుంటుంది. కారులో 200 మి.లీ. తగ్గితే పెద్దగా తేడా తెలియదు. స్ప్లెండర్‌లో 200 మి.లీ. తగ్గిందంటే ఉన్నదాంట్లో ఐదో వంతుకు పైగా పోయినట్టు. పైగా బైకులో ఆ కొంచెం ఆయిలే మూడు చోట్ల పనిచేయాల. పిస్టన్, దాంతో తిరిగే క్రాంక్, ఇంజన్ పైభాగమైన హెడ్డు ఒకటి. గేరుబాక్సు రెండు. క్లచ్ ప్లేట్లు మూడు. ఇంజన్‌కు నీళ్లు తిరగవు, స్ప్లెండర్ లాంటి బండ్లన్నీ గాలితోనే చల్లారాల. కాబట్టి లోపలి వేడిని మోసుకొచ్చి బయటి గోడలకు అందించే పని కూడా ఆయిల్‌దే.

మన 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు లేదు. కారులో ఎర్ర లైటు ఉంటుంది. అదైనా ఆయిల్ ప్రెషర్ పడిపోయినాక వెలిగేదే. మన బండ్లకు అదీ లేదు. మన కంటితో మనం చూసుకుంటేనే తెలుస్తుంది.

ఆయిల్ లోపల ఎట్లా తిరుగుతుందో రెండు మాటల్లో చెప్తా, ఎందుకంటే మిగతా విషయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలబడి ఉంటుంది. ఒక జాలీలోంచి పంపు దాన్ని పీల్చి పైకి తోస్తుంది. క్రాంక్‌కు కొంత, హెడ్డులో క్యామ్‌షాఫ్ట్‌కు, రాకర్లకు కొంత. పని చేసిన ఆయిల్ గోడల వెంబడి కారుకుంటూ మళ్లీ అడుగుకు చేరుతుంది. అంటే ఇంజన్ ఆడుతున్నంతసేపు ఆయిల్ అంతా కింద ఉండదు. కొంత పైన ఉంటుంది, కొంత దారిలో ఉంటుంది.

అడుగున మరీ తక్కువైతే పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా పీలుస్తుంది. రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతాం కదా. ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక మూట, రెండో గేరులో బండి మొత్తుకుంటూ పోతుంటుంది. ముందు చక్రం పైకి లేచినట్టుండే ఆ ఎక్కుడులో అడుగున ఉన్న ఆయిల్ వెనక్కి జరుగుతుంది. సరిపడా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. తక్కువుంటే జాలీ దగ్గర కొరత పడుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది అన్నిటికంటే పైన, చివర్లో ఆయిల్ అందుకునే హెడ్డుకే. టపటపమని శబ్దం మొదలవుతుంది. టాపెట్లు లూజైనాయనుకుని టైటు చేయించుకుంటాం. శబ్దం కొన్నాళ్లు తగ్గుతుంది, అరుగుదల మాత్రం ఆగదు. అట్లా హాఫ్ ఇంజన్ పని, అంటే ఇంజన్ పైభాగం విప్పి బాగుచేసే పని దాకా పోతుంది.

సరే, గీతల దగ్గరికి వద్దాం. డిప్‌స్టిక్ మీద రెండు గీతలుంటాయి, పైది ఒకటి, కిందిది ఒకటి. కంపెనీవాళ్లు ఆ గీతలు ఎట్లా పెడతారు? బండిని నిటారుగా, సమమైన నేల మీద నిలబెడతారు. ఇంజన్ ఆడించి ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగుతారు. కడ్డీని ఒక పద్ధతిలో లోపలికి పెడతారు. అప్పుడు ఆయిల్ ఎంత ఉండాలో లెక్కకట్టి గీత గీస్తారు. అంటే ఆ గీత ఆ పరిస్థితిలోనే నిజం. మనం బండిని వేరే రకంగా నిలబెట్టి, వేరే సమయంలో, వేరే రకంగా కడ్డీ పెట్టి చూస్తే గీత అదే ఉంటుంది గానీ అది చెప్పేది అబద్ధం. నేను చెప్పదలుచుకున్నదంతా ఇంతే. మిగతాదంతా ఆ పరిస్థితిని మన ఇంటి ముందర ఎట్లా తెచ్చుకోవాలన్నదే.

మొదటిది స్టాండు. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతా, ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే.

సైడ్ స్టాండు వేస్తే బండి ఎడమకు వాలుతుంది. స్ప్లెండర్‌కు ఆయిల్ మూత కుడివైపు. పల్సర్ 150కి ఆయిల్ మట్టం కనబడే చిన్న అద్దం కుడివైపు. బండి ఎడమకు వాలితే ఆయిల్ కూడా ఎడమకే పోతుంది, కుడివైపు మట్టం దిగిపోతుంది. ఎంత దిగుతుందో లెక్కేసి చూడండి. బండి 10 డిగ్రీలు వాలిందనుకుందాం. ఇంజన్ మధ్య నుంచి కడ్డీ 10 సెం.మీ. పక్కన ఉందనుకుందాం. అప్పుడు కడ్డీ దగ్గర మట్టం ఒకటిన్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువే దిగుతుంది. చాలా కడ్డీల మీద పై గీతకూ కింది గీతకూ మధ్య అంత దూరం కూడా ఉండదు! అంటే ఆయిల్ నిండుగా ఉన్న బండి కూడా సైడ్ స్టాండు మీద చూస్తే అసలు లేనట్టే కనబడొచ్చు. మనిషి భయపడతాడు. షాపుకు పోయి డబ్బా తెచ్చి పోస్తాడు. తెలిసి చేసిన తప్పు కాదది. ఆయనకు కనబడింది అదే మరి.

కాబట్టి సెంటర్ స్టాండు. అది వేసినాక కూడా నేల చూడండి. మన ఇండ్లలో వాకిలి, వసారా అంతా కడప బండలు పరుస్తాం. కర్నూలు పక్క బేతంచెర్ల బండలు. నున్నగా ఉంటాయి, చూడటానికి సమంగానే ఉంటాయి. కానీ మేస్త్రీ వాటిని కావాలనే వాలుగా పరుస్తాడు, వానకు నీళ్లు బయటికి పోవాల కదా. ఆ వాలు రెండు డిగ్రీలున్నా ఇందాకటి లెక్క ప్రకారం మూడు మిల్లీమీటర్ల పైనే తేడా వస్తుంది. పెద్ద ఇబ్బంది లేకుండా కనుక్కునే పద్ధతి చెప్తా. బండి నిలబెట్టే చోట ఒక చెంబుడు నీళ్లు పోయండి. ఒకే పక్కకు గబగబా పారితే అక్కడ వద్దు. నిదానంగా నాలుగు పక్కలా పరుచుకుంటే ఆ చోటు మంచిది. ఒకసారి అట్లాంటి చోటు దొరికితే గుర్తు పెట్టుకోండి, ప్రతిసారీ అక్కడే చూడండి. ఒకే చోట చూస్తే ఇంకో లాభం ఉంది. పోయిన వారానికీ ఈ వారానికీ ఎంత తగ్గిందో నమ్మకంగా చెప్పగలుగుతాం.

కొన్ని బండ్లకు సెంటర్ స్టాండు రాదు. పల్సర్ ఎన్ఎస్ 200 లాంటివి. అట్లాంటివాటికి ఇంకో మనిషి సాయం కావాల. ఒకరు హ్యాండిల్ పట్టుకుని నిటారుగా నిలబెట్టాల, ఇంకొకరు కిందికి వంగి చూడాల. ఒక్కరే కాళ్ల మధ్య బండి పట్టుకుని, వంగి అద్దంలో చూడబోతే మన బరువుకే బండి వాలుతుంది. తమ్ముణ్ణో, ఇంట్లో ఆమెనో పిలవండి, ఒక్క నిమిషం పని.

రెండోది సమయం. బండి ఆపీ ఆపగానే చూడొద్దు. ఇందాక చెప్పినా కదా, ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది. దాంతోపాటు గాలి బుడగలు కూడా ఉంటాయి. ఇక్కడ పాలు పోసేవాళ్లున్నారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. నురగ తగ్గకముందే పాలు కొలిస్తే కొలత నిలుస్తుందా? ఇదీ అంతే.

అట్లాగని రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడటం కూడా అన్ని బండ్లకూ కుదరదు. ఆయిల్ వేడెక్కితే పెరుగుతుంది. లీటరు ఆయిల్ 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు 50 మి.లీ. పెరుగుతుంది. కాబట్టి మీ బండి పుస్తకంలో ఏ స్థితిలో చూడమన్నారో ఆ స్థితిలోనే చూడాల. స్ప్లెండర్ లాంటి హీరో బండ్లకు చెప్పేది ఇది: ఇంజన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఆడించండి. ఆపండి. మళ్లీ రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పుడు చూడండి. మన మే నెల ఎండల్లో ప్రొద్దుటూరు దాకా పోయి వచ్చిన బండైతే ఇంజన్ కాలిపోతుంటుంది. కొంచెం ఎక్కువసేపే ఆగండి. సైలెన్సర్ కూడా కుడివైపే ఉంటుంది, చెయ్యి జాగ్రత్త.

మూడోది కడ్డీ. ఇది చిన్న విషయమే గానీ ఇందులో తప్పు చేస్తే మిగతాదంతా వృథా. స్ప్లెండర్ లాంటి వాటికి కడ్డీని తుడిచి, మూత మరలు బిగించకుండా, ఊరికే రంధ్రం మీద కూర్చోబెట్టాల. అట్లాగే పైకి తీసి చూడాల. బిగించి చూస్తే కడ్డీ ఆ మరల ఎత్తు మేరకు ఇంకా లోతుకు దిగుతుంది, ఆయిల్ ఉన్నదానికంటే జాస్తి కనబడుతుంది. తక్కువున్నా సరిపోయిందనుకుంటాం. కొన్ని కంపెనీలు మాత్రం పూర్తిగా బిగించి చూడమంటాయి. ఆ బండిని బిగించకుండా చూస్తే తలకిందులు, తక్కువ కనబడుతుంది, జాస్తి పోస్తాం. పక్కింటాయన ఎట్లా చూస్తాడో అట్లా చూడొద్దు. ఆయన బండి వేరే, మీ బండి వేరే. బండి కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం బీరువాలో ఆర్‌సీ పక్కన పడి ఉంటుంది, తీసి ఆ ఒక్క పేజీ చదవండి.

ఇప్పుడు చేతిపని. మూత విప్పేముందు దాని చుట్టూ శుభ్రంగా తుడవండి. ఈ మాట నేను మా పిల్లకాయలకు విసుగొచ్చేదాకా చెప్పేవాణ్ణి. మన రాయలసీమ దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఎర్రగుంట్ల పక్క సిమెంటు, సున్నపురాయి పొడి. మంగంపేట పక్క ముగ్గురాయి పొడి. అనంతపురం చేలల్లో బోరు వేసేటప్పుడు లేచే రాతిపొడి. అదంతా మూత చుట్టూ ఆయిల్ జిడ్డుకు పట్టుకుని గట్టిపడి ఉంటుంది. మూత తిప్పగానే లోపలికి రాలుతుంది. ఆయిల్ చూడబోయి ఇంజన్‌లో ఇసుక పోసినట్టవుతుంది. పాత బ్రష్‌తో దులపండి, గుడ్డతో తుడవండి, అప్పుడు తిప్పండి.

కడ్డీ తుడిచే గుడ్డ పాత బనియన్ గుడ్డ అయితే మంచిది. షెడ్లలో వాడే నూలు వేస్టు దారాలు వదులుతుంది, అవి లోపల జాలీకి అడ్డం పడతాయి. కడ్డీ మొదటిసారి బయటికి తీసినప్పుడు కనబడేది లెక్కలోకి తీసుకోవద్దు, బండి కదిలినప్పుడు చిమ్మిన ఆయిల్ దాని నిండా ఉంటుంది. తుడవండి. నిదానంగా పెట్టండి, నిదానంగా తీయండి. గబుక్కున తీస్తే రంధ్రం అంచుకు తగిలి ఆయిల్ పైకి పూసుకుంటుంది. తీసినాక రెండు పక్కలా చూడండి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కనబడితే తక్కువున్నదే నమ్మండి. ఆ ఎక్కువున్న పక్క గోడకు తగిలి పూసుకున్నదే అయ్యుంటుంది. అనుమానముంటే తుడిచి మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకే చోట గీత తడిస్తే అది నిజం.

కొత్త ఆయిల్ తేనెరంగులో పారదర్శకంగా ఉంటుంది, కడ్డీ మీద ఎంతవరకు తడిసిందో కనబడదు. నీడలో కాకుండా వెలుతురుకు కొంచెం ఏటవాలుగా పట్టి చూడండి, తడి మెరుస్తుంది. కడ్డీని తలకిందులు చేయొద్దు, ఆయిల్ పైకి పాకుతుంది.

అద్దమున్న బండ్ల సంగతి వేరే. పల్సర్‌కు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి అద్దముంటుంది. మూత తీసే పని లేదు, చూడటం తేలిక. ఆ తేలికలోనే ఒక ప్రమాదముంది. అద్దం పూర్తిగా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా, ముఖ్యంగా పాత బండ్లలో, రెండూ ఒకేలా కనబడతాయి! అద్దం లోపలి పక్క జిడ్డు పట్టి ఎప్పుడో ఉన్న మట్టం దగ్గర ఒక మరక గీతలా నిలిచిపోతుంది. రోజూ ఆ మరక చూసి ఆయిల్ సరిగ్గా ఉందనుకుంటాం. కాబట్టి అద్దం చూసేటప్పుడు బండిని కొంచెం అటూ ఇటూ వాల్చండి. లోపల మట్టం కదిలితే అది ఆయిల్. కదలకపోతే అది మరక, లేదా అద్దం పైదాకా నిండిపోయింది, లేదా అసలు లేదు. కదలడం చూసినాక మళ్లీ నిటారుగా నిలబెట్టి, కొంచెం ఆగి, మన కన్ను అద్దం ఎత్తుకు తెచ్చి చూడాల. నిలబడి పైనుంచి చూస్తే గీత వేరే చోట ఉన్నట్టు కనబడుతుంది.

ఇక జాస్తి పోయడం గురించి. మనవాళ్లలో ఒక నమ్మకముంది, ఆయిల్ కొంచెం జాస్తి ఉంటే ఇంజన్‌కు బలమని. వద్దు. దయచేసి ఆ మాట మనసులోంచి తీసేయండి. పై గీత దాటితే క్రాంక్ తిరిగేటప్పుడు ఆయిల్‌ను కొడుతుంది, చిలుకుతుంది. గాలి కలిసి నురగవుతుంది. నురగను పంపు సరిగ్గా తోయలేదు. కాబట్టి ఆయిల్ జాస్తి ఉన్నా పైన హెడ్డుకు అందేది తక్కువే. లోపల ఒత్తిడి పెరిగి, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు గుండా ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది. సీళ్లు చెమ్మగిల్లుతాయి. బండి బరువుగా లాగుతుంది, మైలేజీ పడిపోతుంది.

పాలు పోసే ఒకాయన బండి ఇట్లాగే పాడైంది. తెల్లవారుజామున పాల క్యాన్లు రెండు పక్కలా కట్టి ఉండగానే, సైడ్ స్టాండు మీదే, టార్చి లైటు వెలుతురులో ఆయిల్ చూసేవాడు. కడ్డీకి ఏమీ తగలలేదని కొంచెం పోసేవాడు. మళ్లీ కొన్నాళ్లకు అదే. బండి పొగ కక్కుతోందని షెడ్డుకు తెస్తే రింగులు పోయినాయి, ఇంజన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్ చెక్కించాల అన్నారట. విప్పకముందు సెంటర్ స్టాండు వేసి చూస్తే ఆయిల్ పై గీత కంటే చాలా పైన ఉంది. జాస్తి ఉన్నది తీసి, ఎయిర్ ఫిల్టర్ మార్చితే పొగ ఆగింది. ఆ మనిషి ఒక్క రోజు కూడా ఆయిల్ చూడకుండా బండి తీయలేదు. చూసే తీరు ఒక్కటే తేడా.

తక్కువుంటే ఎట్లా పోయాల? డబ్బా ఎత్తి గ్లగ్లమని పోసేయొద్దు. 50 మి.లీ. సిరంజి మెడికల్ షాపులో దొరుకుతుంది, చౌకే. దాంతో ఒకసారికి 50 మి.లీ. పోయండి. ఒక నిమిషం ఆగండి, అది కిందికి దిగాల. కడ్డీ చూడండి. ఇంకా తక్కువుంటే ఇంకో 50. పై గీతకు కొంచెం కింద ఉన్నప్పుడు ఆపేయండి. తర్వాత ఇంజన్ మళ్లీ రెండు మూడు నిమిషాలు ఆడించి, ఆపి, ఆగి, ఇంకోసారి చూస్తేనే పని అయినట్టు. అదే సిరంజికి సన్న పైపు తగిలిస్తే జాస్తి పోసిన ఆయిల్ మూత రంధ్రంలోంచి బయటికి లాగొచ్చు, కింద డ్రెయిన్ బోల్టు విప్పే అవస్థ ఉండదు.

సర్వీసుకిచ్చినప్పుడు కూడా డబ్బా మొత్తం పోసినారు కదా అని ఊరుకోవద్దు. పాత ఆయిల్ కొంత లోపలే మిగులుతుంది. ఎంతసేపు కార్చినారు, బండి ఎట్లా నిలబెట్టినారు, ఏ కవరు విప్పినారు అన్నదాన్ని బట్టి పట్టేది మారుతుంది. షెడ్డు నుంచి ఇంటికి వచ్చినాక ఆ మంచి చోటు మీద నిలబెట్టి మీరే ఒకసారి చూడండి. మెకానిక్ మీద నమ్మకం లేక కాదు, ఆ చేతికి రోజుకు ఎన్ని బండ్లొస్తాయో మనకు తెలుసు కదా.

రంగు గురించి చాలామంది అడుగుతారు. నల్లబడినంత మాత్రాన ఆయిల్ పాడైనట్టు కాదు. లోపలి మసిని తనలో కలుపుకోవడం కూడా ఆయిల్ పనే, అందుకే నల్లబడుతుంది. కిలోమీటర్లు చూసుకుని మార్చండి, రంగు చూసి కాదు. కానీ పాలు కలిపినట్టు తెల్లబారితే మాత్రం లోపల నీళ్లున్నట్టు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు బండ్లకు బండ్లు నీళ్లలో ఉండిపోయినాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు తెగి మన రాజంపేట పక్క ఊళ్లు మునిగినాయి. అట్లా మునిగిన బండిని స్టార్టవుతుందేమో చూద్దామని కిక్ కొట్టొద్దు. ఆయిల్ తెల్లగా ఉందంటే మొత్తం కార్చేసి, కొత్తది పోసి, కొంచెం ఆడించి అదీ కార్చేసి, తెలుపు పోయేదాకా మార్చాల్సిందే. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే అసలు తిప్పకుండా మెకానిక్ దగ్గరికి తోసుకుపోవాల.

ఏ ఆయిల్ అన్నది పెద్ద విషయం, ఇప్పుడు ఒక్క మాటే. డబ్బా మీద జాసో (JASO, జపాన్‌వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండేదే గేరు బండికి. బైకు క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30, పల్సర్‌కు 20డబ్ల్యూ-50, ఇవి ఆయిల్ చిక్కదనం చెప్పే నంబర్లు, ఎవరి బండికి ఏది చెప్పినారో అదే. లూజు ఆయిల్ ఎవరు పోస్తామన్నా వద్దనండి.

ఇప్పుడు మీరు అడగండి.

(ఒక పెద్దాయన: సారూ, నాది పాత బుల్లెట్టు. ఇనప ఇంజన్. రెండు మూడు వారాలు తియ్యకుండా పెట్టి, తర్వాత చూస్తే ఆయిల్ సగానికి సగం ఉండదు. లీకు యాడా లేదు. యాడికి పోతాది?)

పెద్దాయనా, మంచి ప్రశ్న. మీ బండి పద్ధతి వేరే. పాత బుల్లెట్‌లో ఆయిల్ నిలవుండే అర వేరే, క్రాంక్ తిరిగే అర వేరే. పంపులు రెండు, ఒకటి ఆయిల్‌ను ఇంజన్‌కు పంపేది, ఒకటి తిరిగి అరలోకి తెచ్చేది. బండి చాలా రోజులు నిలబడితే అరలోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్ పక్కకు జారిపోతుంది. కడ్డీ చూసేది ఆ అరనే కాబట్టి తక్కువ కనబడుతుంది. ఆయిల్ యాడికీ పోలేదు, మీ ఇంజన్‌లోనే ఉంది. అప్పుడు పోసేస్తే మాత్రం బండి ఆడినాక రెండూ కలిసి జాస్తయిపోతుంది. ఒక ఐదు నిమిషాలు ఆడించి, రెండో పంపు ఆయిల్‌ను వెనక్కి తెచ్చినాక చూడండి. మొదట్లో కొంచెం పొగ వస్తుంది, భయపడొద్దు. ఇంకోటి, ఈ బండికి గేరుబాక్సు, క్లచ్ పక్క చైన్ కేసు వేరు వేరు, వాటి ఆయిల్ కూడా వేరే చూసుకోవాల.

(ఒక అమ్మాయి: సార్, మా స్కూటర్‌కు ఆయిల్ చూడాల్సిన పని ఉంటుందా? ఎవరూ చూడరు కదా.)

చూడాలమ్మా. యాక్టివాకూ డిప్‌స్టిక్ ఉంటుంది. సెంటర్ స్టాండు, సమమైన నేల, ఆడించి ఆపి ఆగడం, బిగించకుండా చూడటం, అంతా అదే పద్ధతి. దానికి క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి జాసో ఎంబీ ఆయిల్ వాడతారు. వెనక చక్రం దగ్గర గేరు ఆయిల్ వేరే కొంచెం ఉంటుంది, అది సర్వీసులో మార్పించండి. టీవీఎస్ ఎక్స్ఎల్ మోపెడ్ వాడేవాళ్లు కూడా వినండి. పాత ఎక్స్ఎల్ సూపర్‌కు పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసేవాళ్లం. ఇప్పటి ఎక్స్ఎల్ 100 ఫోర్ స్ట్రోక్. పెట్రోల్‌లో ఆయిల్ కలపొద్దు, ఇంజన్‌లో ఆయిల్ వేరే ఉంటుంది, అది చూసుకోవాల. పాత అలవాటులో ఇది మర్చిపోయేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు.

(ఒక యువకుడు: ఎన్ని రోజులకొకసారి చూడాల సార్?)

బండి కొత్తదైతే వారానికొకసారి చాలు. పాతదైతే, ఆయిల్ తాగే బండైతే, పెట్రోల్ పోయించుకున్న ప్రతిసారీ. తిరుపతికో బెంగళూరుకో పోయేముందు తప్పకుండా. తగ్గింది ఎంతో చిన్న నోటుపుస్తకంలో కిలోమీటరు రీడింగుతో పాటు రాసుకోండి. తగ్గుదల ఒక్కసారిగా పెరిగితే సీలో, రింగులో పోతున్నట్టు ముందే తెలుస్తుంది.

(ఇంకొకాయన: నా బండిలో నేనేమీ పోయకుండానే ఆయిల్ పెరిగింది సార్. గీత దాటింది. సంతోషపడాల్నా, భయపడాల్నా?)

భయపడాల్సిందే నాయనా. మీది ఏ సంవత్సరం బండి? 2014దా. అయితే కార్బొరేటర్ బండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చినాక బండ్లు దాదాపు ఇంజెక్షన్‌కు మారినాయి, దానికి ముందువి చాలామటుకు ఇవే. కడ్డీ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను ఆపే ఫ్లోటు నీడిల్ సరిగ్గా మూసుకోవడం లేదు. రాత్రంతా పెట్రోల్ కారి సిలిండర్ గుండా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తోంది. ఆయిల్ పలచనైపోయింది, దానికి పట్టు ఉండదు. మట్టం పైన కనబడుతుంది గానీ ఇంజన్‌కు రక్షణ లేదు. ఇప్పుడు ఇక్కడినుంచి ఇంటికి కూడా ఆ బండి మీద పోవద్దు. పెట్రోల్ కాక్ మూసేయండి. ముందు కార్బొరేటర్ విప్పించి నీడిల్, దాని సీటు చూపించండి. అది బాగైనాకే ఆయిల్ మార్పించండి. తిరగేసి చేస్తే కొత్త ఆయిల్ కూడా రెండు రోజుల్లో అట్లాగే అవుతుంది.

బయట షెడ్డు కింద ఒక స్ప్లెండర్, ఒక పల్సర్ పెట్టించినాను. స్ప్లెండర్‌ను సైడ్ స్టాండు మీద ఒకసారి, సెంటర్ స్టాండు మీద ఒకసారి చూడండి. గుడ్డలు అక్కడే ఉన్నాయి. ఒక్కొక్కరు వచ్చి మీ చేత్తో మీరే కడ్డీ తీయండి.